యారాడ నుంచి భీమిలి రేవు దాకా: ఇసుక వెంట ఒక యాత్ర

విశాఖపట్నం తీరంలో ఇసుక ఒకచోట నిలవదు. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతూ ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. అక్టోబరు దాటి గాలి మళ్ళాక అందులో కొంత వెనక్కి వస్తుంది గానీ, ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి సాగిపోయేదే ఎక్కువ. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి విశాఖ రేవును, దాని పక్కనే ఉన్న రామకృష్ణా బీచిని, పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న భీమిలి పాత రేవును వేర్వేరు చోట్లుగా తలచుకోవడం నా వల్ల కాలేదు. ఈ మూడింటినీ ఇసుక సాగే వరుసలోనే, దక్షిణం నుంచి ఉత్తరానికి, ఒక్క పయనంలో చూడాలని సంక్రాంతి పండుగ వెళ్ళాక బయలుదేరాను. ఓడరేవులో డ్రెడ్జరు (నీటి అడుగు ఇసుకను తోడే ఓడ) మీద చాలాకాలం పనిచేసి పదవీ విరమణ చేసిన మా బాబాయి గారు తోడు వచ్చారు. ఆయన లేకపోతే ఈ యాత్రలో సగం సంగతులు నా కంటికి ఆనేవి కావు.

మొదటి రోజు: యారాడ

సింధియా, మల్కాపురం మీదుగా కొండ ఎక్కి దిగితే యారాడ వస్తుంది. మూడు వైపుల కొండలు, ఒక వైపు సముద్రం, మధ్యలో కొబ్బరి తోటలు, వాటి ముందు వెడల్పాటి ఇసుక తీరం. మేము వెళ్ళేసరికి పొద్దు బాగా ఎక్కింది. తీరం పొడవునా తడి ఇసుకలో నల్లని చారలు కనిపించాయి. దోసిట్లోకి తీసుకుని ఎండకు పట్టి చూస్తే ఆ నలుపు మధ్యలో ముదురు ఎరుపు రేణువులు మెరిశాయి. తూర్పు కనుమల్లోని ఖొండలైటు శిలల్లో గార్నెట్ అనే ఎర్రని ఖనిజం విరివిగా ఉంటుంది. ఆ రాళ్ళు వేల ఏళ్ళుగా ఎండకు, వానకు చివికి, గెడ్డల్లోనూ నదుల్లోనూ కొట్టుకొచ్చి సముద్రంలో చేరగా, బరువైన ఖనిజాలను అలలు ఒడ్డున వేరుచేసి పెడతాయి. నలుపు ఎక్కువగా ఇల్మనైటు అనే ఖనిజానిది, ఎరుపు గార్నెట్‌ది.

యారాడకు ఉత్తరాన సముద్రంలోకి పొడుచుకు వచ్చిన కొండే డాల్ఫిన్స్ నోస్. విశాఖకు సహజమైన రేవు ఉందని చెప్పుకునేటప్పుడు అందరూ ముందు దీనినే తలుస్తారు. నైరుతి నుంచి వచ్చే అలల ఉరవడిని ఈ కొండ కొంతవరకు ఆపుతుంది. దాని నీడలో మేఘాద్రి గెడ్డ, నరవ గెడ్డల నీరు కలిసే ఉప్పుటేరు ఒకటి సముద్రంలోకి తెరుచుకునేది. అయితే కొండ అలలను ఆపినంతగా ఇసుకను ఆపలేదు. ఏటి మొగ దగ్గర ఎప్పుడూ ఇసుక మేట వేసి ఉండేది. చిన్న పడవలు తప్ప పెద్ద ఓడలు లోపలికి రావడానికి వీలుండేది కాదు.

యారాడలో అలలు చూడటానికి ఎంత అందంగా ఉంటాయో, దిగేవారికి అంత ప్రమాదకరమైనవి. అడుగున లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. ఒడ్డున హెచ్చరిక బోర్డులు ఉన్నా వాటిని పట్టించుకోకుండా లోతుకు వెళ్ళిన కుర్రవాళ్ళను బాబాయి గారు గట్టిగా కేకేసి వెనక్కి పిలిచారు. వాళ్ళు వచ్చేంతవరకు ఆయన అక్కడి నుంచి కదలలేదు.

రెండవ రోజు: రాస్ కొండ, పాత నగరం, చేపల రేవు

విశాఖ రేవును చూడటానికి పాత నగరంలోని రాస్ కొండను మించిన చోటు లేదని నా అభిప్రాయం. ఒకే వరుసలో మూడు గుట్టలు ఉంటాయి. ఒకదాని మీద మరియమాత ఆలయం, ఒకదాని మీద ఇషాక్ మదీనా దర్గా, ఇంకొకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. 1864లో రాస్ అనే ఆయన కట్టించుకున్న ఇల్లే తరువాత ప్రార్థనా మందిరమైంది. రేవులోకి వచ్చే ఓడలు, రేవు విడిచి వెళ్ళే ఓడలు దర్గాకు ఎదురుగా రాగానే జెండాను మూడుసార్లు దించి ఎత్తే ఆచారం పూర్వం ఉండేదని చెబుతారు. కొండ అంచున నిలబడితే ప్రవేశ కాలువ కాళ్ళ కిందనే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆవలి ఒడ్డున డాల్ఫిన్స్ నోస్, ఈవలి ఒడ్డున పాత నగరం, మధ్యలో ఇరుకైన నీటి దారి. మేము ఉన్న సమయంలో ఒక పెద్ద సరకు ఓడను టగ్గులు నెమ్మదిగా లోపలికి నడిపించుకు వచ్చాయి. అంత పెద్ద ఓడ అంత సన్నని దారిలో, ఇళ్ళ కప్పుల వెనుక నుంచి జరిగిపోవడం చూస్తుంటే ఊపిరి బిగపట్టుకోవలసి వచ్చింది.

ఈ కాలువ లేని కాలంలో విశాఖ తీరంలో ఓడలు ఎలా ఆగేవో తెలుసుకోవాలంటే 1804 సెప్టెంబరు 15 నాటి సంఘటన ఒక్కటి చాలు. ఆంగ్లేయుల యుద్ధనౌక సెంచూరియన్ ఇక్కడి బాహ్య సముద్రంలో లంగరు వేసి, రెండు వర్తక నౌకలకు కావలి కాస్తున్నది. కెప్టెన్ ఒడ్డున ఉన్నాడు. ఆ సమయంలో అడ్మిరల్ లినోయి నాయకత్వంలోని మూడు ఫ్రెంచి యుద్ధనౌకలు వచ్చి పడ్డాయి. వర్తక నౌకల్లో బార్నబీ ఒడ్డుకు కొట్టుకొచ్చి పగిలిపోయింది. ప్రిన్సెస్ షార్లెట్ శత్రువు చేతికి చిక్కింది. సెంచూరియన్ మాత్రం బాగా దెబ్బతిని కూడా లొంగలేదు. ఫ్రెంచి వారి పెద్ద ఓడ మారెంగో ఇసుక మిట్ట మీద చిక్కుకుని అవస్థ పడింది. తప్పించుకుని దూరడానికి ఒక రేవంటూ లేకపోవడం ఎంత నిస్సహాయమైన స్థితో ఆ ఒక్క పూట చెబుతుంది. 1680ల నుంచి ఇక్కడ ఆంగ్లేయుల వర్తక స్థావరం ఉన్నా, రెండు వందల ఏళ్ళకు పైగా ఓడ సముద్రంలోనే, సరకు పడవల్లోనే, రేవు అంటే ఒట్టి ఇసుక ఒడ్డే.

ఆ పడవల గురించి ఇక్కడే చెప్పాలి. కోరమండల్ తీరమంతటా వాడిన మసూలా పడవలలో పలకలను ఇనుప మేకులతో కొట్టరు. కొబ్బరి తాళ్ళతో కుట్టి, సందుల్లో నార దట్టించి కడతారు. ఉరవడిగా వచ్చే అలలో పడవ ఇసుకకు కొట్టుకున్నప్పుడు మేకులు కొట్టిన చెక్క చీలిపోతుంది, కుట్టిన చెక్క వంగి నిలుస్తుంది. ఈ తీరంలో పుట్టిన జాలరులు ఈ తీరపు అలను చదివి కనిపెట్టిన నేర్పు అది. నాటి వర్తక కంపెనీలు ఎంతో ధనం గడించిన ఈ వ్యాపారంలో, ప్రతి బస్తా ఈ జాలరుల భుజాల మీదుగానే అల దాటింది. వారి పేర్లు ఏ ఫలకం మీదా లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇప్పుడున్న రేవు కట్టడంలోనూ అసలు చిక్కు ఇసుకే. ఉప్పుటేటి చిత్తడి నేలను తవ్వి లోపలి రేవును తయారుచేయడం ఒక ఎత్తు, కాలువ నోటిని ఇసుక పూడ్చకుండా చూడటం ఒక ఎత్తు. దానికి ఇంజనీర్లు ఆలోచించిన ఉపాయం సాహసమైనది. జానస్, వెల్లెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను తెచ్చి, కాలువ నోటికి దక్షిణాన వరుసగా ముంచి, రాళ్ళతో అలకట్టగా మార్చారు. ఆ అలకట్ట అలలను ఆపుతుంది. దక్షిణం నుంచి వచ్చే ఇసుక దాని చాటున చేరుతుంది. అక్కడ నీరు నెమ్మదిగా ఉంటుంది కనుక డ్రెడ్జరు నిలకడగా పనిచేసి ఆ ఇసుకను తోడగలుగుతుంది. 1933 అక్టోబరు 7న సింధియా కంపెనీ ఓడ జలదుర్గ లోపలికి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. బాబాయి గారు కాలువ నోటి వైపు చెయ్యి చాపి, ఇసుక ఎక్కడ పడుతుందో, డ్రెడ్జరు ఎక్కడ నిలబడుతుందో చూపించారు. "ఇక్కడ పని అయిపోయింది అనేది ఉండదమ్మా. ఈ ఏడు తోడితే మళ్ళీ ఏడుకి అంతా తయారు" అన్నారు.

కొండ దిగి కురుపాం మార్కెట్ మీదుగా నడిచి, మధ్యాహ్నానికి ఇంటికి చేరుకున్నాము. పాత నగరం వీధుల గురించి రాయాలంటే అది వేరే కథనమవుతుంది.

చేపల రేవును తెల్లవారుజామునే చూడాలి గనుక ఆ రోజు సాయంత్రం అక్కడ ఊరికే తిరిగి, మరునాడు చీకటితో మళ్ళీ వెళ్ళాము. బయటి రేవు అలకట్టల చాటున ఉండటం వల్ల ఇక్కడ నీరు కుదురుగా ఉంటుంది. జెట్టీలకు ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని మరబోట్లు కట్టి ఉంటాయి. రోజుల తరబడి వేటలో ఉండి వచ్చిన బోట్ల నుంచి కళాసీలు ట్రేలలో చేపలు అందిస్తుంటే, గట్టు మీద ఆడవాళ్ళు వాటిని రకాలుగా విడదీస్తున్నారు. వంజరం ఒకవైపు, చందువ ఒకవైపు, కానాగంతలు కుప్పలుగా, రొయ్యలు ఐసులో. వేలంపాట పాడే మనిషి గొంతు ఆగకుండా సాగుతూనే ఉంది. మధ్యలో ఎవరు ఏ సైగతో పాట పెంచుతున్నారో కొత్తవారికి అంతుపట్టదు. నేను కాగితం మీద ఏదో రాసుకోవడం చూసి ఒక పెద్దావిడ, "ఏటి తల్లీ రాస్తన్నావు? రేటు రాస్తన్నావా? గంట తర్వాత అది ఉండదు" అంది. ఆవిడ పదేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచి తల మీద గంప పెట్టుకుని కొండవాలు వీధుల్లో చేపలు అమ్మినదట. ఇప్పుడు కొడుకు బోటు మీద సరంగు, అంటే బోటు నడిపే పెద్ద.

2023 నవంబరు 19 రాత్రి ఈ రేవులో మంటలు లేచి నలభై దాకా బోట్లు కాలిపోయాయి. ఒక్కొక్క బోటు మీద సరంగు, కళాసీలు, ఐసు మోసేవారు, చేపలు అమ్మే ఆడవాళ్ళు, ఇలా ఎన్ని కుటుంబాలు బతుకుతాయో ఆ జెట్టీ మీద నిలబడి చూస్తే తప్ప తెలియదు. ఆ రాత్రి సంగతి అడిగితే పెద్దావిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, బోట్లు దగ్గర దగ్గరగా కట్టి ఉండటంతో తాళ్ళు కోసి కొన్నింటిని నీటిలోకి వదిలేసిన కుర్రవాళ్ళ గురించి చెప్పింది.

మూడవ రోజు: రామకృష్ణా బీచి

చేపల రేవు నుంచి ఉత్తరంగా బీచి రోడ్డు పట్టుకుంటే రామకృష్ణా బీచి. రేవు, బీచి ఇంత దగ్గరగా ఉండి కూడా ఒకదానికొకటి సంబంధం లేనట్టే జనం చూస్తారు. ఇది నాకు మొదటి నుంచి అసంతృప్తి కలిగించే విషయం. ఇక్కడి ఇసుక ఎందుకు తగ్గుతుందో తెలుసుకోవాలంటే వెనక్కి తిరిగి రేవు వైపు చూడాలి.

దక్షిణం నుంచి వచ్చే ఇసుక అలకట్టల దగ్గర ఆగిపోతుంది. అలలు మాత్రం ఆగవు; అవి ఉత్తరాన ఉన్న బీచి నుంచి తమ వాటా ఇసుకను యథాప్రకారం మోసుకుపోతూనే ఉంటాయి. రావలసినది రాక, పోవలసినది పోవడంతో బీచి సన్నబడుతుంది. 1970లలో పెద్ద అలకట్టలతో బయటి రేవు కట్టి, 1976లో దానిని తెరిచారు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీదుగా వచ్చి ఇక్కడి నుంచి జపానుకు వెళ్ళేది; లక్ష టన్నుల పైబడిన ఓడలు రావడానికి లోపలి రేవు చాలదు గనుక బయటి రేవు అవసరమైంది. దేశానికి అది అవసరమే, కాదనలేము. కానీ దాని ఖరీదులో కొంత ఈ బీచి చెల్లిస్తున్నది. అందుకే అలకట్టల దగ్గర చేరిన ఇసుకను డ్రెడ్జరుతో తోడి తెచ్చి ఈ తీరంలో పోస్తారు. బాబాయి గారు ఈ పని గురించి మాట్లాడేటప్పుడు ఆయన గొంతులో ప్రత్యేకమైన గౌరవం వినిపిస్తుంది. "రేవు పట్టుకున్న ఇసకని రేవే తిరిగి ఇవ్వాలి. మేము చేసింది దానం కాదమ్మా, బాకీ తీర్చడం" అని ఆయన అన్నప్పుడు నాకు ఈ యాత్ర చేయడానికి కారణం దొరికినట్టయింది.

కాళీమాత గుడి నుంచి కురుసుర జలాంతర్గామి దాకా మేము నీటి అంచునే నడిచాము. కొన్నిచోట్ల ఇసుక విశాలంగా ఉంది. కొన్నిచోట్ల రోడ్డు గోడ దగ్గరికే అల చేరుకుంటున్నది, గోడ కాళ్ళ దగ్గర రాళ్ళు బయటపడి ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీదుగా తీరం దాటినప్పుడు బీచి రోడ్డు దెబ్బతిన్న తీరు చూసిన వారెవరూ మరువలేరు. ముందు ఇసుక మేట ఉన్నచోట అల తన బలాన్ని ఇసుక మీదనే ఖర్చు చేస్తుంది. అది లేనిచోట ఆ బలమంతా గోడ మీద పడుతుంది. గోడను ఎంత ఎత్తుగా కట్టినా ఇసుక చేసే పని అది చేయలేదని ఆ ఒడ్డున నడిస్తే కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది.

కురుసుర 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించి, మరుసటి ఏడాది నుంచి ఇక్కడ ఇసుక మీద ప్రదర్శనశాలగా ఉన్నది. లోపలి ఇరుకు చూసి బయటకు వచ్చాక ఎదుటి సముద్రం మరింత పెద్దదిగా అనిపించింది. ఇదే సముద్రంలో, ఈ ఒడ్డుకు ఎంతో దూరం కాని చోట, 1971 డిసెంబరు 3–4 తేదీల నడుమ రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. సమీపంలోని విశాఖ మ్యూజియంలో ఇంకొక యుద్ధపు ఆనవాలు ఉన్నది: జపాను విమానాలు వేసిన బాంబు. 1942 ఏప్రిల్ 6న ఆ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేసినప్పుడు జనం పిల్లాపాపలతో, మూటాముల్లెతో పల్లెలకు వెళ్ళిపోయారని మా నాయనమ్మ చెబుతుండేది. రేవు మొదలై అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు.

నాలుగవ రోజు: ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి

ఉదయమే భీమిలి రోడ్డు మీద బయలుదేరాము. తెన్నేటి పార్కు దగ్గర కాసేపు ఆగాము. 2020 అక్టోబరులో బాహ్య సముద్రంలో లంగరు వేసి ఉన్న బంగ్లాదేశ్ సరకు ఓడ ఒకటి గాలివానకు లంగరు నిలవక ఇక్కడి రాళ్ళ దగ్గరికి కొట్టుకొచ్చి ఆగిపోయింది. 1804లో బార్నబీకి ఏమైందో, ఇన్ని యంత్రాలు వచ్చిన తరువాత ఈ ఓడకూ అదే అయింది. రుషికొండ దాటాక తొట్లకొండ. ఆ బౌద్ధారామం తవ్వకాలలో శాతవాహనుల నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా దొరికాయి. ఓడలు ఈ తీరానికి రావడం అంత పాతది. కొండ మీదికి ఈసారి వెళ్ళలేదు.

భీమిలికి ముందు రోడ్డు పక్కన నేల ఉన్నట్టుండి ఎర్రబడుతుంది. ఎర్రమట్టి దిబ్బలలోకి దిగితే రెండు వైపులా నిలువుగా లేచిన ఎర్రని గోడలు, వాటి మధ్య వాన నీరు కోసిన ఇరుకు దారులు. దూరానికి మట్టిగా కనిపించేది దగ్గరకు వెళ్ళి వేలితో రాస్తే ఇసుకే. సముద్రమట్టం ఇప్పటికన్నా బాగా తక్కువగా ఉన్న కాలంలో, బయటపడిన తీరపు ఇసుకను గాలి ఎగరేసుకొచ్చి ఇక్కడ పోగుచేసింది. తరువాతి వేల సంవత్సరాలలో అందులోని ఇనుము తుప్పు పట్టి ప్రతి రేణువుకూ ఎర్రని పూత పూసింది. తమిళనాడు దక్షిణ కొసన, శ్రీలంకలో ఇటువంటి దిబ్బలు కొన్ని ఉన్నాయి గానీ, ప్రపంచంలో ఇవి అరుదు. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అయినా దిబ్బల అంచుల మీద బండ్లు తోలిన జాడలు, విసిరేసిన ప్లాస్టిక్ సీసాలు చూశాము. ఈ గోడలు సిమెంటువి కావు. కాలు పెట్టి ఎక్కిన ప్రతిసారీ ఒక పొర రాలుతుంది, రాలిన పొర మళ్ళీ ఏర్పడదు. దయచేసి ఎవరూ గోడలు ఎక్కవద్దని చదివేవారిని వేడుకుంటున్నాను.

మధ్యాహ్నం భీమిలి చేరాము. బొర్రా గుహల మీదుగా వచ్చే గోస్తనీ నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది. నది మొగ, దాని పక్కన చిన్న గుట్ట మీద పావురాలకొండ బౌద్ధ శిథిలాలు, నరసింహస్వామి గుడి, కింద ఊరు, ఊరి అంచున తీరం. డచ్చి వారు పదిహేడవ శతాబ్దంలో ఇక్కడ స్థావరం పెట్టుకుని, బట్టలు, బియ్యం కొని తూర్పు దీవులకు పంపారు. 1824 నాటి ఒప్పందం ప్రకారం మరుసటి ఏడాది ఈ ఊరు ఆంగ్లేయుల చేతికి వచ్చింది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణమిది. 2013లో మహా విశాఖలో కలిపారు. విశాఖ ఇంకా చిన్న ఊరుగా ఉన్న రోజుల్లో ఈ ప్రాంతపు సరకు ఎక్కువగా భీమిలి రేవు నుంచే వెళ్ళేది. నూనె గింజలు, నీలిమందు, కరక్కాయ, గోగునార ఇక్కడ ఓడ ఎక్కాయి. ఉత్తరాంధ్ర పొలాల్లో పండిన ఆ గోగునారకు ప్రపంచ వాణిజ్యంలో ఈ ఊరి పేరే స్థిరపడి, 'బిమ్లి జూట్' అని పిలిచారు.

డచ్చి సమాధుల తోటలో శిలాఫలకాలు చాలావరకు అరిగిపోయాయి. పిరమిడ్ల వంటివి, గుమ్మటాల వంటివి, చుట్టూ గడ్డి. ఇంటికి వేల మైళ్ళ దూరంలో, చిన్న వయసులోనే, జ్వరాలతో పోయినవారు వీళ్ళలో చాలామంది ఉంటారు. వారి పట్ల నాకు జాలి కలిగింది. అయితే ఈ రేవు జ్ఞాపకం ఈ తోటలో మాత్రమే మిగిలిందని అనుకోవడం సరికాదు.

ఈ ఒడ్డు నుంచే ఉత్తరాంధ్ర పల్లెల జనం రంగం, అంటే బర్మాలోని రంగూను, వెళ్ళారు. మా జిల్లాలో కరవు వచ్చినా, అప్పు మీద పడినా, పెళ్ళికి డబ్బు చాలకపోయినా, వినిపించే మాట రంగమే. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఆవిరి ఓడలు తీరం వెంట ఒక్కొక్క రేవు దగ్గర లంగరు వేసి మనుషులను ఎక్కించుకునేవి. రంగూను బియ్యపు మిల్లుల్లో, రేవు కూలీల్లో, రిక్షాలు లాగేవాళ్ళలో తెలుగువాళ్ళు వేలల్లో ఉండేవారు. మా ముత్తాత గారు ఈ భీమిలి ఒడ్డునే పడవ ఎక్కి, అల దాటి, ఓడ చేరుకున్నారని నాయనమ్మ చెప్పేది. ఆయన తెచ్చిన టేకు పెట్టె మా ఇంట్లో ఇప్పటికీ ఉన్నది. 1942లో జపాను సైన్యం రంగూనును పట్టుకున్నాక, ఓడలు దొరకనివారు అడవులు, కొండలు దాటి కాలినడకన బయలుదేరారు. దారిలో రాలిపోయినవారి లెక్క ఎవరూ రాయలేదు. ఇంతమంది ఇక్కడి నుంచి సముద్రం దాటారని చెప్పే చిన్న రాయి అయినా ఈ తీరంలో ఉంటే బాగుండునని నేను మనసారా కోరుకుంటున్నాను. డచ్చివారి పేర్లు రాతి మీద ఉన్నాయి. మనవాళ్ళ పేర్లు మన ఇళ్ళలోని పెట్టెల్లో, పాటల్లో, ముసలివాళ్ళ మాటల్లో ఉన్నాయి, అవి వాళ్ళతోనే పోతున్నాయి.

సాయంత్రం దీపస్తంభం దగ్గర కూర్చున్నాము. ఓడలు రావడం మానేశాక కూడా తెల్లగా నిలబడి ఉన్న ఆ స్తంభాన్ని చూస్తూ, ఈ రేవు ఎలా పడిపోయిందో బాబాయి గారు వివరించారు. 1890లలో మద్రాసు–కలకత్తా రైలు మార్గం విశాఖ, విజయనగరం మీదుగా వెళ్ళింది, భీమిలికి రాలేదు. బండ్ల మీద ఇక్కడికి వచ్చే సరకు రైలెక్కింది. ఆ తరువాత విశాఖలో ఓడ నేరుగా గట్టుకు ఆనే రేవు వచ్చింది. పడవల్లో సరకు దింపుకోవలసిన భీమిలి దానితో పోటీ పడలేకపోయింది. ఎవరి తప్పూ లేకుండానే ఒక ఊరి అదృష్టం పక్క ఊరికి మారింది. గోస్తనీ ఇసుక సంగతి కూడా అంతే. పైన తాటిపూడి ఆనకట్ట కట్టాక అక్కడి నీరు విశాఖవాసుల కుళాయిల్లోకి వెళుతున్నది, నదితో పాటు రావలసిన ఇసుకలో కొంత ఆనకట్ట వెనుక ఆగుతున్నది.

అయిదవ రోజు: భీమిలి తీరం

తెల్లవారక ముందే జాలరులు అలివి వల వేశారు. పడవ వలను వదులుతూ అర్ధచంద్రాకారంలో తిరిగి ఒడ్డుకు రాగా, రెండు కొసల తాళ్ళనూ రెండు జట్లు పట్టుకుని లాగడం మొదలుపెట్టాయి. ఆడా మగా, పిల్లలూ కలిసి నడుముకు తాడు చుట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతారు. వెనక్కి వెళ్ళినవారు మళ్ళీ ముందుకు వచ్చి తాడు అందుకుంటారు. నన్ను కూడా పట్టమన్నారు, పట్టాను. గంటన్నర లాగితే వచ్చిన చేపలు చాలా తక్కువ: నెత్తళ్ళు, కవ్వళ్ళు, కొన్ని పారలు. జట్టు పెద్దను తక్కువ పడ్డాయి కదా అని అడిగితే, "మరబోట్లు లోపలే తోడేస్తన్నాయమ్మా, ఒడ్డుకేటొస్తాయి?" అన్నాడు. వాటాలు వేసేటప్పుడు తాడు పట్టిన పిల్లలకు కూడా చెరి కాసిని ఇచ్చారు.

వెనక్కి వెళ్ళే బస్సు ఎక్కేముందు నది మొగ దగ్గరికి వెళ్ళాము. చలికాలం గనుక ఇసుక మేట ముప్పాతిక భాగం మొగను మూసి ఉన్నది. పక్కన సన్నటి పాయ ఒకటి సముద్రంలోకి పారుతున్నది. యారాడలో నేను చూసినటువంటి నల్ల చారలు, వాటి మధ్య ఎర్రని రేణువులు ఇక్కడా కనిపించాయి. బాబాయి గారు కర్రతో మేటను పొడిచి, తడి ఎంత లోతున ఉందో చూసి, జూలైలో వస్తే ఈ మేట రూపమే వేరుగా ఉంటుందన్నారు.

ఈ దారిలో రావాలనుకునేవారు డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు వస్తే ఎండ తీవ్రంగా ఉండదు, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది గనుక ఆ రెండు నెలలూ చేపల రేవులో వేలంపాట కనిపించదు, బోట్లన్నీ జెట్టీలకు కట్టి ఉంటాయి. వలలు బాగుచేసుకునే పని చూడాలనుకుంటే మాత్రం అదే సరైన కాలం. రామకృష్ణా బీచిని చలికాలంలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి, ఒకే చోట నిలబడి చూడండి. ఇసుక ఎంత వెడల్పు తగ్గిందో అడుగులతో కొలవండి.